ఏడాదిగా 1050 దాటడం లేదు: మీ చెస్‌లో లోపం ఎక్కడుందో చూద్దాం

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: చెస్ డాట్ కామ్‌లో పది నిమిషాల గేమ్‌లు రోజుకు ఎనిమిది, పది ఆడుతున్నారు. రేటింగ్ ఏడాదిగా 1050 చుట్టూనే తిరుగుతోంది. పజిల్స్‌లో మాత్రం 1900 ఉంది. ఓపెనింగ్ (ఆట మొదట్లో వేసే ఎత్తుల వరస) వీడియోలు చాలా చూశారు. "నా అసలు స్థాయి ఎంత, ఏ ఓపెనింగ్ నేర్చుకుంటే 1400 చేరతాను?" అని అడిగారు. చివరి ఇరవై గేమ్‌లు కూడా పెట్టారు. అది చాలా మంచి పని, ఎక్కువమంది స్క్రీన్‌షాట్ ఒకటి పడేసి పోతారు.

ముందు జవాబు చెప్పేస్తాను. మీకు ఓపెనింగ్ సమస్య లేదు. మీరు మీ ఎత్తు గురించే ఆలోచిస్తున్నారు, ఎదుటివాడి ఎత్తు గురించి ఆలోచించడం లేదు. రోజుకు పది గేమ్‌లు ఆపేసి రెండు ఆడండి, అవి కూడా 15 నిమిషాలు, ఎత్తుకు 10 సెకన్లు కలిసేవి. ఓడిన ప్రతి గేమ్‌నూ కంప్యూటర్‌కు చూపించే ముందు మీరే చూసుకోండి. ఈ రెండూ నాలుగు నెలలు చేస్తే 1200 దాటడం కష్టం కాదు. 1400 సంగతి ఆ తర్వాత.

నా గురించి రెండు మాటలు. నేనేమీ మాస్టర్‌ని కాదు. విజయవాడలో ఉద్యోగం, ఇరవై ఏళ్లకు పైగా టోర్నమెంట్లు ఆడుతున్నాను. ఆదివారాలు మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పిల్లలకు, ఈమధ్య వాళ్ల తల్లిదండ్రులకు కూడా నేర్పుతున్నాను. గ్రాండ్‌మాస్టర్ ఎలా అవ్వాలో నాకు తెలియదు. వెయ్యి దగ్గర ఆగిపోయినవాళ్లు ఎందుకు ఆగారో మాత్రం బాగా తెలుసు, ఎందుకంటే నేను కూడా చాలాకాలం అక్కడే కూర్చున్నాను. ఇంకో మాట, బిషప్‌ను కొందరు శకటు అంటారు, మా ఇంట్లో ఒంటె అనేవాళ్లు. గొడవ లేకుండా నేను బిషప్ అనే రాస్తాను, మిగతావి మంత్రి, ఏనుగు, గుర్రం, బంటు.

మీ ఇరవై గేమ్‌లూ నిన్న రాత్రి బోర్డు మీద పెట్టి ఆడి చూశాను. ఎనిమిది గెలిచారు, పదకొండు ఓడారు, ఒకటి డ్రా. ఓడిన పదకొండులో ఆరు ఒక్క ఎత్తులో పావు ఇచ్చేసినవి. రెండు మీరే దాడికి దిగి, ఎదుటివాడి జవాబు చూసుకోక బోర్లా పడ్డవి. రెండు టైం అయిపోయినవి. నిజంగా ఓపెనింగ్‌లో ఇరుక్కుని ఓడింది ఒక్కటి. ఇంకో సంగతి, మీకు నచ్చకపోవచ్చు: గెలిచిన ఎనిమిదిలో ఐదు ఎదుటివాడు పావు ఇచ్చేస్తే గెలిచినవి. అంటే ఈ స్థాయిలో గేమ్ ఎవరు ముందు ఇచ్చేస్తారన్న దాని మీదే తేలుతోంది.

దానికన్నా ముఖ్యమైనది గడియారం. పావు పోయిన ఆ ఎనిమిది గేమ్‌లలో తప్పు ఎత్తు మీద మీరు ఎన్ని సెకన్లు పెట్టారో చూశాను. ఒక్కదానికి తప్ప అన్నిటికీ పది సెకన్ల లోపే. ఆ సమయానికి మీ గడియారంలో కనీసం ఐదారు నిమిషాలు ఉన్నాయి. బ్యాంకులో డబ్బు పెట్టుకుని పస్తు ఉన్నట్టుంది ఇది. మీ గేమ్‌లు తెరిచి మీరే చూడండి, ప్రతి ఎత్తు పక్కనా పట్టిన సమయం ఉంటుంది. తప్పు ఎక్కడ జరిగిందన్నదే కాదు, దాని మీద ఎంతసేపు ఆలోచించారన్నది రాసుకోండి. రెండు సెకన్లలో చేసిన తప్పుకు మందు వేరు, రెండు నిమిషాలు ఆలోచించి చేసిన తప్పుకు మందు వేరు. మొదటిది అలవాటు. రెండోది తెలియకపోవడం. మీవన్నీ దాదాపు మొదటి రకం.

రెండు గేమ్‌లు దగ్గరగా చూద్దాం. (గడుల పేర్లు తెల్లవైపు నుంచి: ఎడమ నుంచి కుడికి ఎ నుంచి హెచ్ దాకా, కింది నుంచి పైకి 1 నుంచి 8 దాకా.)

మొదటిది మీ జాబితాలో నాలుగో గేమ్. తెల్లపావులు మీవి. డి4 వేశారు, అతను గుర్రం ఎఫ్6. మీరు బిషప్ జి5, అతను బంటు సి6. మీరు బంటు ఇ3. అతను మంత్రిని ఎ5కి తెచ్చి చెక్ చెప్పాడు, బిషప్ పోయింది. మూడే మూడు ఎత్తులు. "ఈ ఓపెనింగ్ నాకు కలిసిరాదు" అని కింద రాశారు. ఓపెనింగ్ ఏం పాపం చేసిందండీ? అతను సి6 వేసినప్పుడు ఏం మారిందో చూడండి. డి8లో ఉన్న మంత్రికి ఎ5 దాకా ఐమూలగా దారి తెరుచుకుంది. ఎ5 నుంచి మంత్రి రెండు పనులు చేస్తుంది: ఐమూలగా మీ రాజు మీదికి చూస్తుంది, అడ్డంగా జి5లో ఉన్న బిషప్ మీదికి చూస్తుంది. అప్పటికి కూడా ప్రమాదం లేదు, చెక్ వస్తే బిషప్‌ను డి2కి వెనక్కి తెచ్చి అడ్డం పెట్టవచ్చు. కానీ మీరు ఇ3 వేసి ఆ తిరుగుదారి మీరే మూసేశారు. ఇ3 మీద మీరు పెట్టిన సమయం రెండు సెకన్లు. వీడియోలో మూడో ఎత్తు ఇ3 కాబట్టి మీరూ వేశారు.

సిగ్గుపడకండి. 1984లో యుగోస్లావియాలో ఒక మాస్టర్ల టోర్నమెంట్‌లో సరిగ్గా ఇవే ఎత్తులతో ఒక గేమ్ ముగిసింది. ఎ5లో చెక్ చూడగానే తెల్లపావులాయన చేతులెత్తేశాడు. ఆయనకు ఓపెనింగ్‌లు రాక కాదు కదా.

రెండోది పదకొండో గేమ్, నాకు బాగా నచ్చింది. ఇ4 ఇ5, గుర్రం ఎఫ్3, గుర్రం సి6, బిషప్ సి4, డి6, గుర్రం సి3, అతని బిషప్ జి4కి వచ్చి మీ గుర్రాన్ని మంత్రికి కట్టేసింది. ఇక్కడ మీరు ఆరు సెకన్లలో గుర్రంతో ఇ5 బంటును కొట్టేశారు, మంత్రిని వదిలేసి! అతను మంత్రిని కొడితే బిషప్ ఎఫ్7లో చెక్, రాజు ఇ7, గుర్రం డి5, ఆటకట్టు. ఈ మెలిక ఎక్కడ నేర్చుకున్నారో నాకు అర్థమైంది, పజిల్స్‌లో తరచూ వస్తుంది. కానీ అతను మంత్రిని కొట్టలేదు. సి6 గుర్రంతో మీ ఇ5 గుర్రాన్ని కొట్టాడు. ఆ గుర్రం ఇ5లోకి రాగానే జి4 బిషప్‌కు కాపలా కూడా అయింది, పైగా మీ సి4 బిషప్ మీద కన్ను వేసింది. ఒక్క బంటుకు గుర్రం పోయింది.

ఇప్పుడు అసలు విషయం. అదే స్థితిలో ముందు హెచ్3 వేసి, అతని బిషప్ హెచ్5కి వెళ్లాక ఇ5 బంటును కొట్టి ఉంటే? అతను గుర్రంతో గుర్రాన్ని కొట్టాడనుకోండి. మీ మంత్రి హెచ్5లో బిషప్‌ను కొడుతుంది, ఎందుకంటే ఇ5 గుర్రం జి4ను కాస్తుంది గానీ హెచ్5ను కాయలేదు. అతను మీ సి4 బిషప్‌ను కొడతాడు. మంత్రి బి5లో చెక్, తర్వాత సి4లో గుర్రం మీదే. లెక్క చూస్తే మీకు ఒక బంటు ఎక్కువ. మంత్రిని కొడితే అదే ఆటకట్టు. ఒక్క గడి తేడాలో ఓడిపోయే ఎత్తు గెలిచే ఎత్తు అయింది. మీకు మెలిక తెలుసు, అది పనిచేయడానికి ఏం ఉండాలో తెలియదు.

మీ పజిల్ రేటింగ్‌కూ ఆట రేటింగ్‌కూ అంత దూరం ఎందుకన్నది కూడా ఇక్కడే ఉంది. పజిల్ రేటింగ్‌లు మామూలుగానే కాస్త ఎక్కువ ఉంటాయి, అది పక్కన పెట్టండి. పజిల్ తెరవగానే మీకో సంగతి ముందే తెలిసిపోతుంది: ఇక్కడ ఏదో ఉంది. ఆటలో ఆ మాట ఎవరూ చెప్పరు. నలభై ఎత్తుల్లో ఏ రెండు చోట్ల ఏదో ఉందో మీరే పసిగట్టాలి. పైగా పజిల్‌లో మెలిక ఎప్పుడూ మీదే. అవతలివాడి మెలికను ముందే పట్టుకునే పజిల్ ఎక్కడో గానీ రాదు.

అందుకని ప్రతి ఎత్తుకూ రెండే ప్రశ్నలు వేసుకోండి. ఎక్కువ పెట్టుకుంటే వేసుకోరు, నా అనుభవం.

ఒకటి: అతను ఇప్పుడు వేసిన ఎత్తుతో ఏం మారింది? ఏ దారి తెరుచుకుంది, ఏ గడికి కాపలా పోయింది.

రెండు: నేను అనుకున్న ఎత్తు వేస్తే, నాకు అన్నిటికన్నా నచ్చని జవాబు ఏది? మీకు నచ్చే జవాబు మీ మనసు దానంతటదే చూపిస్తుంది. నచ్చనిదాన్ని పని పెట్టుకుని వెతకాలి.

మొదటి ప్రశ్న ఇ3 గేమ్‌ను కాపాడేది. రెండోది ఇ5 గేమ్‌ను. మొదట్లో దీనికి ఎత్తుకు పదిహేను, ఇరవై సెకన్లు పడుతుంది. పది నిమిషాల గేమ్‌లో నలభై ఎత్తులంటే సగటున ఎత్తుకు పదిహేను సెకన్లే. అందుకే 15 నిమిషాలకు 10 సెకన్లు కలిపి ఆడమన్నాను. ప్రపంచ రాపిడ్ చాంపియన్‌షిప్ ఆడే టైం కూడా ఇదే. మన కోనేరు హంపి 2024 చివర్లో న్యూయార్క్‌లో రెండోసారి ఆ టైటిల్ గెలిచింది ఈ టైంతోనే. మూడు నిమిషాల బ్లిట్జ్ సరదాకి ఆడండి, వద్దనను. దాన్ని సాధన లెక్కలో వేసుకోకండి.

చెప్పినంత తేలిక కాదు, అది కూడా చెప్పాలి. మా సెల్లార్ క్లాసులో ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడున్నాడు, చేయి మెదడు కన్నా ముందు నడుస్తుంది. "ఆలోచించరా" అని ఎన్నిసార్లు అన్నా లాభం లేకపోయింది. చివరికి ఒక నోటుబుక్కు ఇచ్చి, ఓడిన ప్రతి గేమ్‌కూ ఒక్క వాక్యం రాయమన్నాను: ఆ తప్పు ఎత్తు వేసేటప్పుడు నీ బుర్రలో ఏముంది? మొదటి వారం రాసినవి చదివితే నవ్వాగలేదు. "వాడు తొందరగా ఆడుతున్నాడు కాబట్టి నేనూ ఆడాను." "అమ్మ అన్నానికి పిలిచింది." "గుర్రం అలా కూడా వస్తుందని మర్చిపోయాను." రెండు నెలల తర్వాత పేజీల్లో "తొందర" అన్న మాట తగ్గింది. ఇప్పుడు వాడు నన్నే అప్పుడప్పుడు ఓడిస్తున్నాడు. మీరూ అలాంటి బుక్కు పెట్టండి. ఫోన్‌లో కాదు, కాగితం మీద.

కంప్యూటర్ విశ్లేషణ గురించి అడిగారు, "ఒక గేమ్‌లో 91 శాతం యాక్యురసీ వచ్చింది, అంటే నేను బాగా ఆడుతున్నట్టేనా" అని. యాక్యురసీ అంటే మీ ఎత్తులు కంప్యూటర్ ఎత్తులకు ఎంత దగ్గరగా ఉన్నాయో చెప్పే శాతం. ఆ గేమ్ చూశాను. పన్నెండో ఎత్తులో అతను మంత్రిని ఇచ్చేశాడు, మిగతాదంతా ఎవరైనా ఆడే ఎత్తులే. సులువైన స్థితిలో యాక్యురసీ ఎక్కువే వస్తుంది, చిక్కు స్థితిలో మంచి ఆటగాడికి కూడా పడిపోతుంది. ఒక్క గేమ్ శాతం చూసి పొంగిపోవద్దు, కుంగిపోవద్దు. నేను చేసేది ఇది: ముందు కంప్యూటర్ ఆపేసి, గేమ్ మొత్తం ఒకసారి తిప్పుకుంటూ "ఇక్కడ నాకు అనుమానం వచ్చింది" అన్న చోట్ల గుర్తు పెట్టుకుంటాను. తర్వాత స్టాక్‌ఫిష్ అనే చెస్ ప్రోగ్రాం ఆన్ చేస్తాను. నేను గుర్తు పెట్టని చోట అది పెద్ద తప్పు చూపిస్తే, అదే నేను నేర్చుకోవాల్సింది. అది చూపే 0.3, 0.4 బంటు తేడాలను మీ స్థాయిలో, నా స్థాయిలో కూడా పట్టించుకోనక్కర్లేదు.

ఇక మీ డ్రా గేమ్. దీని గురించి మీరు ఒక్క మాట రాయలేదు, నాకు మాత్రం అన్నిటికన్నా బాధ అదే. బోర్డు మీద మిగిలింది మీ రాజు డి4, మీ బంటు ఇ2, నల్ల రాజు డి6. ఎత్తు మీది. మీరు బంటును రెండు గడులు దూకించి ఇ4 వేశారు. నల్ల రాజు ఇ6కి వచ్చాడు, డ్రా. ఒక్క గడే జరిపి ఇ3 వేసి ఉంటే గెలుపు ఖాయం. ఎందుకంటే ఇ3 వేశాక రాజులిద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు, ఎత్తు అతనిది, అతను ఎటో ఒకవైపు జరగక తప్పదు. అతను ఇ6కి వస్తే మీరు రాజును ఇ4కి తెచ్చి మళ్లీ ఎదురు నిలబడతారు. అతను ఇంకోవైపు జరిగితే మీ రాజు రెండోవైపు నుంచి ముందుకు దూరిపోతుంది. రాజు ముందు నడవాలి, బంటు వెనక రావాలి. మీరు బంటును ముందు పంపి రాజును వెనక నడిపించారు. మా తాతగారు ఆడే పాత పద్ధతిలో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే జరిగేది. ఆయన దగ్గర నేర్చుకుని ఉంటే ఆ గేమ్ మీరు గెలిచేవారు!

ఇలాంటి రాజు బంట్ల ఆటలు వారానికి ఒక గంట చూస్తే చాలు. ఇది పిల్లల పాఠం అనుకోవద్దు. 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ చివరి గేమ్, పద్నాలుగోది, డ్రా వైపు వెళ్తుండగా అప్పటి చాంపియన్ డింగ్ లిరెన్ 55వ ఎత్తులో ఏనుగును ఎఫ్2కి తెచ్చాడు. గుకేశ్ ఏనుగులు మార్చేసి, బిషప్‌లు మార్చేసి, ఒక బంటు ఎక్కువున్న రాజు బంట్ల ఆటలోకి దిగాడు. పద్దెనిమిదేళ్ల కుర్రాడు ప్రపంచ చాంపియన్ అయింది అలా. ఏ బంట్ల ఆట గెలుస్తుందో ముందే తెలిసి ఉండటం వల్లే అవన్నీ మార్చేయగలిగాడు.

ఓపెనింగ్‌ల మాట. మీ ఇరవై గేమ్‌ల్లో తెల్లపావులతో నాలుగు రకాలు ఆడారు. వారానికో ఓపెనింగ్ మారిస్తే వారానికో కొత్త చోట దారి తప్పుతారు. తెల్లతో ఒకటి, నల్లతో ఇ4కి ఒకటి, డి4కి ఒకటి పెట్టుకుని ఆరు నెలలు మార్చకండి. మొదటి ఆరేడు ఎత్తులు ఎందుకు వేస్తున్నారో మాటల్లో చెప్పగలిగితే చాలు. ఒక మినహాయింపు: ఒకే ఉచ్చులో నెలలో మూడుసార్లు పడితే ఆ ఒక్కదాన్నీ కూర్చుని నేర్చుకోండి. మీ విషయంలో మళ్లీ పడే వీలున్నది ఎఫ్7 మీదికి గుర్రం జి5 వచ్చే ఆట. ఓపెనింగ్‌లో ఇరుక్కుని ఓడారన్న ఆ ఒక్క గేమ్ అదే. మిగతావి వదిలేయండి.

స్థాయి ఎంత అన్నారు. చెస్ డాట్ కామ్ అంకె ఒకటి, లీచెస్ అనే ఇంకో సైట్ అంకె ఇంకొకటి. లీచెస్‌లో కొత్తవాళ్లంతా 1500 దగ్గర మొదలవుతారు, అక్కడ అంకెలు సాధారణంగా పెద్దగా కనిపిస్తాయి. అక్కడికి మారితే రేటింగ్ పెరుగుతుంది, ఆట పెరగదు. ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) రేటింగ్‌తో పోల్చడం ఇంకా కష్టం, 2024 మార్చి నుంచి ఫిడే జాబితా 1400 నుంచే మొదలవుతోంది. రేటింగ్ లెక్క ప్రకారం మీకన్నా 200 తక్కువున్నవాడితో వంద గేమ్‌లు ఆడినా 24 పాయింట్ల దాకా (గెలుపుకు ఒకటి, డ్రాకు అర) అతనికి వస్తాయి. కాబట్టి రెండు రోజుల్లో రేటింగ్‌లో ఎనభై పాయింట్లు పోయాయని టెన్షన్ పడకండి. రేటింగ్ నెలకు ఒకసారి చూడండి. రోజూ చూడాల్సింది ఇంకోటి: ఊరికే పావు ఇవ్వకుండా వరసగా ఎన్ని గేమ్‌లు ఆడగలిగారు. ఇప్పుడు మీది రెండు. ఐదుకు వస్తే రేటింగ్ వెనకాలే వస్తుంది.

మీ ఓటములు ఏ టైంలో జరిగాయో కూడా చూశాను, ఏమీ అనుకోకండి. పదకొండులో ఏడు రాత్రి పదకొండున్నర దాటాక, ఒకదాని వెంట ఒకటి. పోయిన చోటే వెతుక్కోవాలి అంటారు గానీ అది రేటింగ్‌కు వర్తించదు. వరసగా రెండు ఓడితే ఆ రోజుకు యాప్ మూసేయండి. ఇందాక చెప్పిన న్యూయార్క్ టోర్నమెంట్‌లో హంపి మొదటి రౌండే ఓడిపోయింది. కానీ ఆవిడకు తర్వాతి రౌండ్‌కు ముందు కాస్త విరామం ఉంది. మీకు "రీమ్యాచ్" బటన్ ఒక్క సెకను దూరంలో ఉంది.

అన్నీ అందరికీ పనిచేస్తాయని చెప్పను. మా దగ్గరికి వచ్చే ఒకావిడ, హాస్పిటల్‌లో షిఫ్టు ఉద్యోగం, రోజుకు ఒక్క గేమే ఆడి ఏడాదిలో 900 నుంచి 1300కి వచ్చారు. ఇంకొకాయన అన్నీ ఇలాగే చేసి ఏడు నెలలు ఒక్క పాయింటు కదల్లేదు, ఎనిమిదో నెలలో నూట ఇరవై పెరిగాడు. ఎందుకో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

ముందు పది గేమ్‌లు 15 నిమిషాలవి ఆడి, నోటుబుక్కు పేజీతో సహా ఇక్కడ పెట్టండి, చూస్తాను. ఈలోగా ఆ ఇ2 బంటు స్థితిని నిజం బోర్డు మీద పెట్టి, ఇంట్లో ఎవరినైనా తెల్లవైపు కూర్చోబెట్టి ఇ3 వేయమనండి. మీరు నల్ల రాజుతో డ్రా చేయడానికి చూడండి. చేయగలిగాననిపిస్తే ఎత్తులు రాయండి, తెల్లవైపు ఎక్కడ దారి తప్పిందో చెబుతాను.